సుద్ద మీద మరక

గోదాము పక్క గది,
జూన్ 9

బావగారికి నమస్కారం.

తెల్లవారినుంచి ముసురు. గాలి లేదు. గోదాము వెనక తలుపు కింద పేరుకున్న బురద గీకి, గడప కడిగాను. ఊరికే ఉత్తరం రాసే అలవాటు నాకు లేదని మీకు తెలుసు. పని ఉండి రాస్తున్నాను.

మా గోదాములో ఉండేవి కాస్టిక్ నీళ్ల డ్రమ్ములు. యంత్రాల జిడ్డు వదలగొట్టడానికి వాడతారు. చెక్క పలకలు కొట్టిన బల్లల మీద, అంటే ప్యాలెట్ల మీద, నాలుగేసి డ్రమ్ములు నిలబెడతాం. పోయినవారం ఒక డ్రమ్ము అడుగు పుచ్చింది. కారిన నీళ్లు ప్యాలెట్ కిందుగా పోయి, వెనక తలుపు సందులోంచి వీధిలోకి దిగాయి. చూడడానికి మామూలు నీళ్లలాగే ఉంటాయి. వీధి ఊడ్చే ఆవిడ వాన నీళ్లనుకుని వట్టి కాలు పెట్టింది. అరికాలి తోలు ఊడింది.

మేనేజరు రంపపు పొట్టు బస్తా ఒకటి తెప్పించి, "ఇదిగో, కారితే దీన్ని చల్లు" అన్నాడు. కారాక చల్లడం కాదండీ, కారింది కారినచోటే ఆగాలి, ప్రతి ప్యాలెట్ కిందా తొట్టి ఉండాలి అన్నాను. "కారకముందే కారుతుందని ఎందుకయ్యా ఏడుస్తావ్?" అన్నాడు. ఏళ్ల తరబడి ఇదే మాట. చివరికి ఆ ఊడ్చే ఆవిడ కాలికి గుడ్డ కట్టుకుని వచ్చి గేటుకు అడ్డంగా కూర్చుంది. "మీ లారీ నా మీదుగా పోవాలి" అంది. అప్పటికి ఒప్పుకున్నాడు. ప్లాస్టిక్ తొట్టెలు చవగ్గా వస్తాయన్నాడు. ఇనుముతో మా బావగారు చేస్తారు, ఆయన అతుకులోంచి ఆవిరి కూడా బయటికి రాదు అని నేను పూచీ పడ్డాను.

నాలుగు కావాలి. ప్యాలెట్ కంటే అన్ని వైపులా బెత్తెడు ఎక్కువ, జానెడు లోతు, పైన జాలీ. ఒక డ్రమ్ము మొత్తం ఖాళీ అయినా తొట్టి పొర్లకూడదు. కొలతలు వెనకవైపు గీశాను. అడుగున తూము పెట్టవద్దు. తూము ఉంటే ఎవడో ఒకడు తెరిచి మరిచిపోతాడు.

అక్కను అడిగానని చెప్పండి.

మీ బావమరిది


షెడ్డు నుంచి,
జూన్ 18

ఒరేయ్ బామ్మర్దీ,

మీ అక్క పెళ్లినాటినుంచీ చూస్తున్నా, నీ నోట్లోంచి నాలుగు మాటలు రాలవు. కాగితం దొరికితే మాత్రం బెత్తెడు, జానెడు అంటూ నాకే పాఠం చెప్తావా? నీళ్ల ట్యాంకులు చేశాను, నూనె ట్యాంకులు చేశాను. నీ తొట్టెలు నాకు టీ తాగినంత పని.

తూము లేకుండా తొట్టేమిటని మొదట నిన్ను తిట్టుకున్నా. తర్వాత ఆలోచిస్తే నువ్వు చెప్పిందే బాగుంది. ఈ మాట ఎవరితోనూ అనకు.

అతుకులకు నా పరీక్ష నాకుంది. నీళ్లు మొద్దువి, సన్న సందులో దూరవు. మేం అతుకు బయటివైపు సుద్ద నీళ్లు పూసి ఆరబెడతాం. లోపలివైపు కిరసనాయిలు రాస్తాం. వెంట్రుకంత సందు ఉన్నా కిరసనాయిలు ఇవతలికి పాకి, సుద్ద మీద పచ్చటి మరక పడుతుంది. మరక లేదంటే అతుకు గట్టిదన్నట్టు. అది చూడకుండా నా షెడ్డు నుంచి ఏ సామానూ బయటికి పోదు.

ఆలస్యమైతే గొణగకు. షెడ్డులో వెలుతురు చాలడం లేదు. రేకులు నల్లబడ్డాయి. బల్బులు కూడా దొంగ బల్బులే అమ్ముతున్నారు, ఏది తెచ్చినా గుడ్డిగానే వెలుగుతోంది. దీనికి తోడు మీ అక్కతో గోల. పొద్దున టీ నేను పెడతాను కదా, ఈ మధ్య అందులో ఉప్పు పడుతోంది. డబ్బాలు తనే అటూ ఇటూ మార్చి పెట్టి, నా వైపు అదోలా చూస్తుంది. నీకు చెప్పి ఏం లాభం, నువ్వూ ఆ పక్షమే.

బావ


గోదాము పక్క గది,
జులై 6

బావగారికి నమస్కారం.

ఎండ గట్టిగా ఉంది. పొద్దున తూకం బల్ల తుడిచి, దాని కింద ఎలుకలు కొరికిన సంచులు బయట పడేశాను. తొట్టెలు అందాయి.

ముందు నీళ్లు పోసి చూద్దామనుకున్నాను. నేను బకెట్టు తెచ్చేలోపే మేనేజరు రెండు తొట్టెల మీద నిండు డ్రమ్ముల ప్యాలెట్లు పెట్టించి, ఫోటో తీసి యజమానికి పంపాడు. పని అయిపోయిందన్నాడు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు మరో పక్కనుంచి పోరు. "ఇదివరకు నేల మీద దించేవాణ్ణి. ఇప్పుడు జానెడు పైకెత్తి, సూదిలో దారం ఎక్కించినట్టు ఎక్కించాలి. మీ బావ వచ్చి నడుపుతాడా స్టోరూ?" అని. స్టోర్‌కీపర్ని కాబట్టి ఇక్కడ అందరికీ నేను స్టోరునే. మూడో తొట్టిలో తన బూట్లు, అన్నం డబ్బా పెట్టుకున్నాడు. అవి తీసి, ఖాళీగా ఉన్న రెండింటిలో నీళ్లు పోశాను.

మర్నాటికి రెండింటికీ మూలల దగ్గర చెమ్మ. మధ్యాహ్నానికి దారంలా కారింది. నేల తడేమోనని కింద పొడి కాగితాలు పరిచి మళ్లీ చూశాను. కాగితాలు నానిపోయాయి.

మేనేజరు చూసి నవ్వాడు. "ఆవిరి కూడా రాదన్నావు. ఆవిరి రావడం లేదు, నిజమే" అన్నాడు. ఎందుకు కారుతున్నాయో మీరు చెప్పండి.

మీ బావమరిది


షెడ్డు నుంచి,
జులై 14

బామ్మర్దీ,

ఏం రాశావురా నువ్వు? నీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి, కిటికీ దగ్గరికి పోయి ఎండలో పెట్టుకుని చదివాను. కాస్త పెద్దగా రాసి ఏడు. చదివాక అనిపించింది, చదవకపోయినా బాగుండేదని.

నా తొట్టి కారడమేమిటి? నీ గోదాము నేల చెమర్చి ఉంటుంది. లేకపోతే లారీవాడు దించేటప్పుడు విసిరేసి ఉంటాడు. నీ ఫోర్కువాడు మూల తగిలించి ఉంటాడు. ఇంతమంది ఉండగా నీకు మీ బావే దొరికాడా? నాలుగింటికీ సుద్ద పూసి, కిరసనాయిలు రాసి, ఒక్కొక్క అతుకూ నా కళ్లతో చూశాను. పాలలా తెల్లగా ఉంది. ఒక్క మరక లేదు.

మీ మేనేజరు నవ్వాడని రాశావు. వాడు నవ్వితే నువ్వేం చేశావ్? తల వంచుకుని నిలబడ్డావు. నాకు తెలుసు.

బావ


గోదాము పక్క గది,
జులై 23

బావగారికి నమస్కారం.

మబ్బుగా ఉంది, వాన లేదు. గోదాము తాళానికి నూనె వేశాను. మీరు చెప్పినట్టే అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను.

మీ ఉత్తరం వచ్చాక ఫోర్కు డ్రైవరూ నేనూ కలిసి ఒక తొట్టిని బోర్లించాం. అడుగున మీరు పూసిన సుద్ద అలాగే ఉంది. మూలల దగ్గర పచ్చటి మరకలున్నాయి. ఒకచోట కాదు. ఒకటి నా అరచేయంత ఉంది. డ్రైవరు వంగి చూసి, "ఇదేంటి స్టోరూ, ఎవరో టీ ఒలకబోశారు" అన్నాడు.

చాలా కోపం వచ్చింది. ఒక ఉత్తరం రాశాను. మరక చూసి కూడా పంపారని, నా పూచీని నవ్వులపాలు చేశారని. పోస్టు చేయలేదు. తలుపు వేస్తుంటే ఒక సంగతి తట్టింది. దాచాలనుకున్న మనిషి ఆ సుద్ద తుడిచి పంపుతాడు. తడిగుడ్డతో ఒక్క తుడుపు చాలు. మీరు తుడవలేదు. మరక లేదనే అనుకున్నారు.

దొంగ బల్బులు, ఉప్పు టీ, నా చీమల అక్షరాలు. మీ ఉత్తరంలో రెండు వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

బావగారూ, మీకు సరిగ్గా కనిపించడం మానేసి ఎన్నాళ్లయింది?

తప్పుగా అడిగి ఉంటే తిట్టండి. కాని జవాబు రాయండి. కారే తొట్టెల మీద నిండు డ్రమ్ములున్నాయి. దించమంటే మేనేజరు దించనివ్వడు, ఫోటో పంపేశాక ఎలా దించుతామంటాడు. ఆ డ్రమ్ముల చుట్టూ నేను రోజూ పిల్లిలా తిరుగుతున్నాను.

మీ బావమరిది


షెడ్డు నుంచి,
ఆగస్టు 3

బామ్మర్దీ,

చలికాలం నుంచి.

మొదట మంచు అనుకున్నా. మంచు పోయింది, మసక పోలేదు. తడిసిన అద్దంలోంచి చూసినట్టుంటుంది అంతా. పని మాత్రం ఆపలేదు. అతుకు నేను కళ్లతో వేయనురా, చెవితో వేస్తాను. వెల్డింగు రాడ్డు సరిగ్గా కరుగుతుంటే నూనె కాగినట్టు ఒకటే చప్పుడు వస్తుంది. చప్పుడు బాగుంది, చెయ్యి తప్పదనుకున్నా. సుద్ద నిజంగానే తెల్లగా కనిపించింది. నీ మీద ఒట్టు.

మీ అక్కకు తెలియదు. చెప్పకు. తెలిస్తే షెడ్డుకు తాళం వేస్తుంది. తాళం వేస్తే ఇంట్లో కూర్చుని నేనేం చెయ్యాలి, బియ్యంలో రాళ్లు ఏరనా? అవీ కనపడవు.

ఇంకో మాట. నా తొట్టెల మీద ఇంకొకడి రాడ్డు పడకూడదు. నేనే వచ్చి సరిచేస్తా. కాస్త ఆగు.

బావ


గోదాము పక్క గది,
ఆగస్టు 9

బావగారికి,

వాన. నేల మీద చల్లిన రంపపు పొట్టు నానిపోతే ఎత్తి ఖాళీ డ్రమ్ములో వేశాను. ఎందుకో రాస్తాను.

నిన్న ఒక డ్రమ్ము బిరడా దగ్గర కారింది. తొట్టిలోకే పడింది. తొట్టి మూలలోంచి నేల మీదికి, నేల మీదనుంచి వెనక తలుపు దాకా పోయింది. ఆ తలుపు వారన ఊడ్చే ఆవిడ వానకు నిలబడి ఉంది. "వెనక్కి జరుగు" అని అరిచాను. అంత గట్టిగా నేను ఎన్నడూ అరిచి ఎరగను. ఆవిడ గభాలున దూకి, "నీకూ గొంతుందా స్టోరూ?" అంది. ఈసారి చెప్పులు వేసుకుని ఉంది కాబట్టి సరిపోయింది. చెప్పులు అడుగున ఉబ్బిపోయాయి.

ఆగమన్నారు. ఎలా ఆగను? మా వీధి మూల మీద వెల్డరు ఒకడున్నాడు. అతన్ని పిలిచి నాలుగు తొట్టెల అతుకులూ తిరిగి వేయించాను. డ్రమ్ములు దించడానికి మేనేజరు అడ్డం వస్తే, అరవడం ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి అతని మీద కూడా అరిచాను. మీరు వద్దన్నారని తెలిసే చేశాను. నీళ్లు పోసి చూశాను. నిలిచాయి.

అక్కకు నేను రాయను. మీరే చెప్పాలి. అక్కకు చెప్పవద్దంటారు, తొట్టెలు ముట్టవద్దంటారు, నన్ను ఆగమంటారు. కారేది ఆగదు కదా బావగారూ. చలికాలం నుంచి మీ షెడ్డులోంచి ఇంకా ఏమేం బయటికి పోయాయో నాకు తెలియదు. మీకైనా గుర్తున్నాయా?

మీ బావమరిది


ఇంటి నుంచి,
ఆగస్టు 21

తమ్ముడూ,

రాస్తున్నది నేను. చెప్పేది మీ బావ. చెప్పింది చెప్పినట్టు రాయమని నాచేత ఒట్టు వేయించుకున్నారు. మధ్యలో నా మాట కూడా రాస్తాను, ఆయనకు కనపడదు కదా.

"బామ్మర్దీ, ఎవడ్రా ఆ మూల మీది వెల్డరు? ఏ రాడ్డు వాడాడు? పాత అతుకు కోసేసి వేశాడా, దాని మీదే పూశాడా? పూసి ఉంటే నెల తిరక్కుండా ఊడుతుంది. నన్ను కాదని నా సామాను మీద ఇంకొకడి చెయ్యి వేయనిచ్చావు. నీతో ఇక మాటల్లేవు."

మాటల్లేవని ఇంకో పేజీడు చెప్పారు. అది రాయలేదు.

"నీ ఉత్తరం నేనే మీ అక్క చేతికిచ్చి చదవమన్నాను. అక్షరాలు పెద్దవి చేసినా నాకు కనపడలేదు. ఇంకేం దాచను? చదువుతూ చదువుతూ ఆగిపోయింది. ఏడుస్తోందో కోపంగా ఉందో కూడా నాకు తెలియలేదు. తెలియలేదనే చెప్పాను. అప్పుడు ఏడ్చింది."

తమ్ముడూ, ఉప్పు టీ నోరు మూసుకుని తాగాను, నా మీద ఏదో కోపంతో వేస్తున్నారేమోనని. నీకు జులైలోనే తెలుసట. ఒక్క ముక్క రాయలేదు. ఆయన సంగతి అయ్యాక నీ సంగతి చూస్తాను.

డాక్టరు దగ్గరికి వెళ్లాం. రెండు కళ్లలోనూ శుక్లాలు. తీసేయవచ్చునట. కాని ఇన్నేళ్ల వెల్డింగు మంటకు లోపల కూడా దెబ్బ తగిలి ఉండవచ్చు, తీశాక గానీ చూపు ఎంత వస్తుందో చెప్పలేనన్నాడు. ముందు కుడి కన్ను. షెడ్డు తాళం నా కొంగున ఉంది.

"ఏం రాస్తున్నావే అంతసేపు? నేను చెప్పింది రెండు ముక్కలే కదా?"

రెండు ముక్కలే రాశానని చెప్పాను.

అక్క


ఇంటి నుంచి,
సెప్టెంబరు 30

బామ్మర్దీ,

ఇది నా చేతిరాతే. చూసుకో, వరుసలు ఎక్కలేదు.

కుడి కంటికి వెలుతురు వచ్చింది. ఎడమది లోపలే పోయిందట, దాని మీద ఆశ లేదు. కట్టు విప్పగానే మొదట కనపడింది మీ అక్క. "ఇంత ముసలిదానివైపోయావేమే" అన్నాను. వారం రోజులు నాకు టీ లేదు.

నువ్వు అడిగావే, ఏమేం బయటికి పోయాయని. అన్నీ గుర్తున్నాయి. మీ అక్కను వెంటబెట్టుకుని ఒక్కొక్కటీ వెతుక్కుంటూ తిరిగాను. ఒక గేటు, ఒక తోపుడుబండి ఇరుసు, ఇంకా ఏవేవో. అతుకులు కావురా అవి. నమిలి ఉమ్మినట్టున్నాయి. ఒక ఇంట్లో మెట్లకు చేతికడ్డీ వేశాను. పోయి చూసేసరికి పసిపిల్ల దాన్ని పట్టుకుని నిలబడి ఉంది. పిల్లను పక్కకు తీసి, కడ్డీ లాగాను. నా చేతిలోకి వచ్చేసింది. ఆ ఇంటాయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, పిల్లను ఎత్తుకుని లోపలికి పోయాడు. తిడితే బాగుండేది. నేను తిట్టించుకోవడానికే పోయాను.

అన్నీ విప్పించి తెచ్చి షెడ్డు ముందు పడేశాను. నల్ల అద్దం మంచిది పెట్టుకుని రెండు నెలల తర్వాత పని చేసుకోవచ్చని డాక్టరు అన్నాడు. నాకే వద్దు. షెడ్డు తీసేస్తున్నా. మిషను కావాలని ఒకతను వచ్చి చూసి వెళ్లాడు. ఆ మూల మీది వెల్డరుకు గ్రైండరు కావాలేమో అడుగు. వాడి అతుకు నిలిచింది, నాది నిలవలేదు. ఇంకేముంది రాయడానికి?

బావ


గోదాము పక్క గది,
అక్టోబరు 6

బావగారికి నమస్కారం.

తెల్లవారుజామున కురిసి తెరిపి ఇచ్చింది. ఎండ పలచగా ఉంది. జాలీల మీద దుమ్ము ఊడ్చి, వెనక తలుపు కీలు బిగించాను.

నిన్న ఫోర్కు డ్రైవరు ప్యాలెట్ సర్దుతూ ఫోర్కు కొసతో డ్రమ్మును అడుగున పొడిచాడు. ఆపడానికి వీలు లేకపోయింది. డ్రమ్ము మొత్తం దిగిపోయింది. తొట్టిలో సగానికి కాస్త పైదాకా వచ్చి ఆగింది. నాలుగు మూలల కిందా కాగితాలు పరిచాను. ఇప్పటిదాకా పొడిగా ఉన్నాయి. యజమాని వచ్చి చూసేదాకా తోడవద్దని మేనేజరు ఆపాడు, మళ్లీ ఫోటోలు తీశాడు. తొట్టెలు తన ఆలోచనే అని ఆయనతో ఫోనులో చెప్తుంటే విన్నాను. చెప్పుకోనీ.

ఊడ్చే ఆవిడ కూడా వచ్చింది. నడుం మీద చేతులు వేసుకుని వంగి చూసి, "నా కాలు కాల్చిన నీళ్లు ఇవేనా? కట్టడి చేస్తే ఎంత బుద్ధిగా కూర్చున్నాయో చూడు" అంది.

ఫోటోలు చూసి యజమాని ఇంకో ఆరు తొట్టెలు చేయించమన్నాడు. ఎవరు చేస్తారని మేనేజరు అడిగాడు. మీ పేరు చెప్పాను. "మళ్లీ ఆయనేనా? నీకు బుద్ధి లేదా?" అన్నాడు. మూల మీది వెల్డరును అడగండి అన్నాను. అతన్ని పిలిచి అడిగాడు. అతుకైతే నేను వేస్తాను గానీ, రేకును ఇంత సూటిగా మడవడం, జాలీ ఇలా కూర్చోబెట్టడం నావల్ల కాదు, ఇది చేసిన మనిషి దగ్గరికే పొండి అన్నాడు.

మిమ్మల్ని ఓదార్చడానికి రాయడం లేదు. నాకు ఇంకా కోపంగానే ఉంది. ఆ చేతికడ్డీ సంగతి చదివాక అన్నం సహించలేదు. కాని విప్పి తెచ్చిన సామానంతా షెడ్డు ముందు ఉందన్నారు. ఆ ఇళ్లవాళ్లకు గేట్లు, కడ్డీలు తిరిగి ఎవరు చేసిస్తారు? మిషను అమ్మేస్తే అవి అలాగే పడి ఉంటాయి. ఆ వచ్చినతనికి లేదని చెప్పండి.

డాక్టరు చెప్పిన రెండు నెలలూ ఆగడానికి మేనేజరును ఒప్పించాను. ఒక షరతు మీద. అతుకు మీరు వేయండి. సుద్ద మాత్రం అక్క చూడాలి. మరక లేదని అక్క అంటేనే ఏ సామానైనా షెడ్డు దాటాలి. మీరు దీనికి ఒప్పుకోరని తెలిసి అక్కకు విడిగా రాశాను. ఆమెను కాదనగలిగితే కాదనండి.

కొలతలు వెనకవైపు గీశాను. ఇవి లోపలి వరుసకు కాబట్టి వెడల్పు కొంచెం తక్కువ.

యజమాని ఇప్పుడే చూసి వెళ్లాడు. తొట్టిలోది పంపుతో తోడి ఖాళీ డ్రమ్ములో పోయాలి. పంపు గొట్టం కడిగి పెట్టాను. ఫోర్కు డ్రైవరు చేతితొడుగులు కనపడడం లేదని పిలుస్తున్నాడు, నావి ఇచ్చి వస్తాను. తోడడం అయ్యాక తొట్టి అడుగు ఒకసారి చూసి, ఈ ఉత్తరం పోస్టు చేస్తాను.

మీ బావమరిది